ఐఎండీ, ఈఆర్ఏ5, ఐమెర్గ్ వాన డేటా మూడు చోట్ల ఉంది: తేదీలు కలవడం లేదు, ఎలా కలపాలి, ఎలా పంచుకోవాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

నమస్కారం అండి. కృష్ణా, గోదావరి బేసిన్లలో రోజువారీ వాన మీద మూడు చోట్ల నుంచి కలిసి పనిచేస్తున్నాం. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) 0.25 డిగ్రీల గ్రిడ్ (గడుల) డేటా హైదరాబాద్ సర్వర్‌లో ఉంది. ఈఆర్ఏ5 (యూరప్ వాతావరణ మోడల్ లెక్క) గంటల డేటా విశాఖలోని క్లస్టర్‌లో, ఐమెర్గ్ (నాసా ఉపగ్రహ వాన అంచనా) ఫైనల్ అరగంటల డేటా జర్మనీలోని మా భాగస్వాముల దగ్గర ఉన్నాయి. కాలం 2001 నుంచి 2023 దాకా. మూడింటినీ ఒకే గ్రిడ్ మీదికి, ఒకే రోజు లెక్కకు తెచ్చి, మూడు చోట్లా అందరూ ఒకే కాపీ వాడేలా చేయాలి.

చిక్కులు ఇవి:

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచిన వాన ఐఎండీలో 14వ తేదీన కనిపిస్తోంది. ఐమెర్గ్ రోజువారీ ఫైల్లో, మేం రోజుకు కూడిన ఈఆర్ఏ5లో 13వ తేదీన ఉంది. పైగా ఈఆర్ఏ5 అంకెలు 0.04, 0.06 లాగా ఉన్నాయి.

ఐఎండీ బైనరీ ఫైల్ నుంచి బేసిన్ సగటు తీస్తే కొన్ని రోజులు నెగెటివ్ వస్తోంది.

ఈఆర్ఏ5ను విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ విడివిడిగా డౌన్‌లోడ్ చేశారు. ఫైల్ పేర్లు ఒకటే, చెక్‌సమ్‌లు (ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యలు) వేరు, విలువల్లో కూడా కాస్త తేడా ఉంది.

జర్మనీ నుంచి ఆర్‌సింక్ అనే ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్‌తో తెచ్చుకుందామంటే చాలా నెమ్మది. మా ఫైర్‌వాల్‌లో బయటి నుంచి లోపలికి పోర్టులు తెరవరు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

---

మేఘమాల

మొదట తేదీల సంగతి తేల్చుకోండి. అది తేలకుండా మిగతావి ఎంత చేసినా వృథా. మీ మూడు డేటాసెట్లూ సరిగ్గానే ఉన్నాయి. వాటిలో రోజు మొదలయ్యే గంట, ముగిసే గంట వేరు, అంతే.

ఐఎండీలో 14వ తేదీ అంటే 13 ఉదయం 8:30 నుంచి 14 ఉదయం 8:30 వరకు పడిన వాన. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) 13న 03:00 నుంచి 14న 03:00 వరకు. తీవ్ర వాయుగుండం 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. హైదరాబాద్‌లో కుండపోత ఆ సాయంత్రం, రాత్రి. వర్షమాపకంలో నీళ్లు కొలిచింది 14 పొద్దున కాబట్టి ఐఎండీ లెక్కలో అది 14 వాన. ఐమెర్గ్ రోజువారీ ఫైల్ యూటీసీ రోజు ప్రకారం ఉంటుంది, అంటే మన టైమ్‌లో 13 ఉదయం 5:30 నుంచి 14 ఉదయం 5:30 దాకా. అందుకే అక్కడ 13 అయింది.

రోజువారీ ఐమెర్గ్ ఫైల్‌ను ఒక రోజు జరిపి సరిపెట్టొద్దు. 3 గంటల తేడా అలాగే మిగిలిపోతుంది. తెల్లవారుజామున వానలు పడే కోస్తాలో ఆ 3 గంటలు చిన్న విషయం కాదు. అరగంటల డేటా నుంచే మళ్లీ కూడాలి.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఈఆర్ఏ5లో టైమ్‌స్టాంప్ ఆ గంట ముగింపును చెబుతుంది. 04:00 అంటే 03:00 నుంచి 04:00 వరకు పడిన వాన. ఐమెర్గ్‌లో టైమ్‌స్టాంప్ ఆ అరగంట మొదలును చెబుతుంది. కాబట్టి ఐఎండీ 14వ తేదీకి సరిపడేవి:

ఈఆర్ఏ5: 13న 04:00 నుంచి 14న 03:00 వరకు, 24 విలువలు.
ఐమెర్గ్: 13న 03:00 నుంచి 14న 02:30 వరకు, 48 విలువలు.

ఎక్స్‌అర్రేలో (గ్రిడ్ డేటాకు వాడే పైథాన్ లైబ్రరీ) రీశాంపుల్ 24 గంటలు, ఆఫ్‌సెట్ 3 గంటలు, లేబుల్ రైట్ పెట్టండి. క్లోజ్డ్ (ఏ అంచును కలుపుకోవాలన్నది) మాత్రం ఈఆర్ఏ5కి రైట్, ఐమెర్గ్‌కి లెఫ్ట్. వచ్చే లేబుల్ 14న 03:00 అవుతుంది, గంటలు కొట్టేసి తేదీ ఉంచుకుంటే ఐఎండీ తేదీతో కలుస్తుంది. కూడేటప్పుడు మిన్‌కౌంట్ 24 (ఐమెర్గ్‌కి 48) ఇవ్వడం మరిచిపోవద్దు. ఇవ్వకపోతే లేని గంటలు సున్నా వానగా కలిసిపోతాయి, ఏ ఎర్రరూ రాదు.

యూనిట్లు: ఈఆర్ఏ5 మీటర్లలో ఉంటుంది, 1000తో గుణించండి. మీ 0.04 అంటే 40 మి.మీ. ఐమెర్గ్ అరగంట విలువ గంటకు మి.మీ. రేటు. 48 రేట్లను నేరుగా కూడితే వాన రెట్టింపు వస్తుంది, ఒక్కోదాన్నీ 0.5తో గుణించాకే కూడాలి.

రేపు ఎవరైనా ఈఆర్ఏ5-ల్యాండ్ తెస్తే ఈ లెక్క దానికి పనికిరాదు. అందులో వాన 00:00 యూటీసీ నుంచి పోగవుతూ వస్తుంది, మర్నాటి 00:00 విలువే ముందు రోజు మొత్తం. ముందు పక్కపక్క గంటల తేడా తీసి గంటల వాన చేసుకోవాలి.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు బేసిన్ సగటు తీసి, ఐఎండీతో మిగతా రెండింటి కోరిలేషన్‌ను మైనస్ 1, 0, ప్లస్ 1 రోజుల జరుపుతో చూడండి. ఏ సంవత్సరం తీసుకున్నా అత్యధికం 0 దగ్గరే రావాలి. ఏదో ఒక్క సంవత్సరంలో 1 దగ్గర వస్తే ఆ సంవత్సరం ఫైల్‌లో టైమ్ యాక్సిస్ తేడాగా రాశారని అర్థం. అక్టోబర్ 2020 లాంటి ఒక్క ఘటనతో సరిపెట్టుకోవద్దు.

ఇంకో మాట. ఐమెర్గ్ ఫైనల్‌ను నెలవారీగా వర్షమాపకాల డేటాతో సరిదిద్దుతారు. అందుకని నెల మొత్తాలు ఐఎండీకి దగ్గరగా వచ్చినంత మాత్రాన అది స్వతంత్ర సాక్ష్యం కాదు. ఈఆర్ఏ5 వాన అయితే మోడల్ లెక్కగట్టినది, కొలిచింది కాదు. మీ రీడ్‌మీలో ఈ రెండు వాక్యాలు తప్పక ఉండాలి.

---

గడి_లెక్క

మేఘమాల గారు కాలం సంగతి చెప్పేశారు, నేను గ్రిడ్ సంగతి.

నెగెటివ్ సగటుకు కారణం -999. ఐఎండీ వాన బైనరీలో సముద్రం, దేశం బయటి గడులు అన్నీ -999. చదవగానే వాటిని నాన్‌గా (విలువ లేదన్న గుర్తు) మార్చండి, నెట్‌సీడీఎఫ్‌గా (గ్రిడ్ డేటా ఫైల్ రకం) రాసేటప్పుడు ఫిల్‌వాల్యూ కూడా ప్రకటించండి. ఐఎండీ ఉష్ణోగ్రత ఫైళ్లలో లేని విలువ 99.9. ఒకే ఫంక్షన్‌తో రెండూ చదివితే దొరికిపోతారు.

బైనరీ ఫైల్ సరిగ్గా దిగిందో లేదో సైజుతోనే తెలుస్తుంది. గ్రిడ్ 135 × 129, ఒక్కో విలువ 4 బైట్లు, రోజుకు 69,660 బైట్లు. మామూలు సంవత్సరం 2,54,25,900 బైట్లు, లీపు సంవత్సరం 2,54,95,560. ఒక్క బైటు తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేయండి.

ఐఎండీ గ్రిడ్ రేఖాంశం 66.5 నుంచి 100, అక్షాంశం 6.5 నుంచి 38.5. ఈఆర్ఏ5 0.25 బిందువులు సరిగ్గా అవే స్థానాల్లో పడతాయి కాబట్టి దాన్ని రీగ్రిడ్ చేయక్కర్లేదు (వేరే గడుల మీదికి మార్చక్కర్లేదు), కోసుకుంటే చాలు. కాకపోతే ఈఆర్ఏ5లో అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి. 6.5 నుంచి 38.5 అని స్లైస్ ఇస్తే ఎక్స్‌అర్రే ఖాళీ అర్రే ఇచ్చి ఊరుకుంటుంది. తెరవగానే అక్షాంశాన్ని ఆరోహణ క్రమంలో సార్ట్ చేసేయండి. ఐమెర్గ్‌లో డైమెన్షన్ల వరుస టైమ్, లాన్, లాట్. నమ్‌పైలోకి నేరుగా లాగితే మ్యాప్ పక్కకు పడుకుంటుంది. ఎప్పుడూ పేర్లతోనే ట్రాన్స్‌పోజ్ చేయండి.

రీగ్రిడ్ అవసరమైంది ఐమెర్గ్ ఒక్కదానికే. 0.1 డిగ్రీ గడులు 0.25 గడిలో వైపుకు రెండున్నర చొప్పున పడతాయి, మొత్తం 6.25. వానకు బైలీనియర్ వద్దు. అది దగ్గరున్న నాలుగు బిందువులే చూస్తుంది, మిగతా గడుల నీళ్లు లెక్కలోకి రావు. కన్సర్వేటివ్ (మొత్తం నీళ్లు మారకుండా పంచే పద్ధతి) వాడండి: సీడీఓ ప్రోగ్రామ్‌లో రీమ్యాప్‌కాన్, లేదా ఎక్స్‌ఈఎస్ఎంఎఫ్‌లో కన్సర్వేటివ్. రెండోదానికి గడుల అంచులు మీరే ఇవ్వాలి. 17.25 కేంద్రమైతే అంచులు 17.125, 17.375. పని అయ్యాక గ్రిడ్ మొత్తం మీద గడి వైశాల్యంతో తూచిన వాన ముందూ వెనకా ఒకటే ఉందా అని చూడండి. తేడా ఉంటే అంచులు తప్పిచ్చారన్నమాట.

ఐఎండీ మాస్క్‌ను (ఐఎండీ విలువ లేని గడులను తీసేసే జల్లెడ) రీగ్రిడ్ అయ్యాకే వేయండి. ముందే వేస్తే కోనసీమ, దివిసీమ గడుల్లో సగం నాన్‌లు కలిసి తీరం వెంబడి వాన తగ్గిపోతుంది.

చివరగా, రెండు అర్రేలను తీసివేసేటప్పుడు ఎక్స్‌అర్రే రెండింటిలోనూ ఉన్న కోఆర్డినేట్లే ఉంచి మిగతావి చెప్పకుండా వదిలేస్తుంది. 0.25 గుణిజాలు బైనరీలో కచ్చితంగా సరిపోతాయి. 0.1వి సరిపోవు, ఒక కాపీ 32 బిట్లలో, ఇంకోటి 64 బిట్లలో ఉంటే చాలా గడులు మాయమైపోతాయి. అరిథ్‌మెటిక్ జాయిన్ ఆప్షన్‌ను ఎగ్జాక్ట్ అని పెట్టుకుంటే తేడా ఉన్న చోటే ఎర్రర్ వచ్చి ఆగుతుంది.

---

కృష్ణాతీరం

చాలా ధన్యవాదాలు ఇద్దరికీ. క్లోజ్డ్ రైట్, లెఫ్ట్ తేడా మా కోడ్‌లో లేదు, ఇప్పుడు పెట్టాం. అక్టోబర్ 2020 మూడింటిలోనూ 14కి వచ్చింది. ఇక పంపకం, కాపీల సంగతి మిగిలింది. ఇంకొకటి కూడా: కొన్ని జిల్లాల ఆటోమేటిక్ స్టేషన్ల డేటా ఎక్సెల్‌లో ఉంది, దాన్ని ఈ గ్రిడ్‌తో పోల్చాలి.

---

తీగజోరు

పంపే ముందు ఎంత పంపాలో లెక్క వేయండి, సగం సమస్య అక్కడే పోతుంది.

ఐఎండీ పరిధికి కోసినా ఐమెర్గ్ 335 × 320 గడులు. అరగంటకు 4,28,800 బైట్లు, ఏడాదికి 17,520 అరగంటలు, అంటే కంప్రెస్ చేయకముందు సుమారు 7.5 జీబీ. 23 ఏళ్లకు 170 జీబీ పైనే. పైవాళ్లు చెప్పిన రోజు కూడిక, రీగ్రిడ్ రెండూ జర్మనీలోనే చేసి ఫలితం మాత్రం తెస్తే ఏడాదికి 25 ఎంబీ, మొత్తం 600 ఎంబీ లోపే. డేటా ఉన్న చోటికి కోడ్‌ను పంపండి.

అయితే మూడు చోట్లా నడిచేది ఒకే కోడ్ కావాలి. ఎక్స్‌అర్రే, ఎక్స్‌ఈఎస్ఎంఎఫ్, నెట్‌సీడీఎఫ్ లైబ్రరీల వెర్షన్లు బిగించిన ఒక కంటైనర్ (కోడ్, దానికి కావాల్సిన లైబ్రరీలు కలిపిన మూట) కట్టండి. క్లస్టర్లలో డాకర్‌ను సాధారణంగా ఒప్పుకోరు, అప్టైనర్ ఒప్పుకుంటారు. ఆ కంటైనర్‌తో పాటు ఒక చిన్న పరీక్ష డేటా పెట్టండి: 2020 అక్టోబర్ 12 నుంచి 15 వరకు, తెలంగాణ పరిధి, రావాల్సిన జవాబుతో సహా. ఏ చోటైనా అసలు పని మొదలెట్టే ముందు ఇది నడిపి 0.01 మి.మీ. లోపు కలిసిందో లేదో చూడాలి.

అరగంటల ముడి డేటా నిజంగానే కావాలంటే: ఆర్‌సింక్ నెమ్మదిగా ఉండటానికి కారణం లైన్ కాకపోవచ్చు. వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు పట్టే దారిలో 4 ఎంబీ విండోతో (జవాబు వచ్చేలోగా పంపగలిగే డేటా) ఒక్క కనెక్షన్ సెకనుకు 20 ఎంబీ దాటలేదు, మీ లైన్ 10 గిగాబిట్ అయినా అంతే. సంవత్సరాల వారీగా విడగొట్టి 6, 8 ఆర్‌సింక్‌లు ఒకేసారి నడపండి, పార్షియల్ ఆప్షన్ పెట్టండి. లేదా గ్లోబస్ (పెద్ద ఫైళ్లు పంపే సేవ) వాడండి. పర్సనల్ ఎండ్‌పాయింట్ లోపలి నుంచి బయటికే కనెక్షన్ తీసుకుంటుంది కాబట్టి మీ ఫైర్‌వాల్ ఒప్పుకుంటుంది. తెగితే ఆగిన చోటి నుంచి కొనసాగుతుంది, చేరాక చెక్‌సమ్ సరిచూస్తుంది.

ఇక రెండు ఈఆర్ఏ5 కాపీల తేడా. వరసగా ఇవి చూడండి.

పాత నెట్‌సీడీఎఫ్ డౌన్‌లోడ్లలో విలువలు 16 బిట్ల పూర్ణాంకాలుగా ప్యాక్ అయి ఉంటాయి, ఒక్కో ఫైల్‌కు స్కేల్ ఫ్యాక్టర్, యాడ్ ఆఫ్‌సెట్ వేరు. ఒకరు నెల చొప్పున, ఇంకొకరు ఏడాది చొప్పున దించితే స్కేల్ మారుతుంది, చివరి అంకెలు మారతాయి. అంతవరకు ప్రమాదం లేదు. ప్రమాదం ఎక్కడంటే, 12 నెలల ఫైళ్లు కలిపి తెరిచి తిరిగి రాస్తే ఎక్స్‌అర్రే మొదటి ఫైల్ స్కేల్‌నే అన్నిటికీ వాడుతుంది. జనవరి స్కేల్‌లో జూలై వాన పట్టదు, పొంగిపోయి పెద్ద వానలు నెగెటివ్‌గా మారతాయి. రాసే ముందు ఎన్‌కోడింగ్ ఖాళీ చేసి 32 బిట్ల ఫ్లోట్‌గా రాయండి. వీలైతే ఒక్కచోటే గ్రిబ్‌గా (ఇంకో వాతావరణ డేటా ఫైల్ రకం) దించి, మిగతావాళ్లు ఆ కాపీ తీసుకోండి.

చెక్‌సమ్ ముడి ఫైళ్లకే పనికొస్తుంది. తిరిగి రాసిన నెట్‌సీడీఎఫ్‌లో హిస్టరీ అట్రిబ్యూట్‌లో టైమ్ పడుతుంది కాబట్టి లోపలి డేటా ఒకటే అయినా చెక్‌సమ్ మారుతుంది. అందుకే రెండు డైరెక్టరీలు పెట్టండి. "ముడి" డైరెక్టరీ రీడ్‌ఓన్లీ, ఎవరూ ముట్టుకోరు. దానికొక పట్టిక: ఫైల్ పేరు, బైట్లు, ఎస్‌హెచ్ఏ-256 (ఒక రకం చెక్‌సమ్), ఉత్పత్తి వెర్షన్, దించిన తేదీ, ఏ అభ్యర్థనతో దించారో పూర్తి వివరం. ఐమెర్గ్ వెర్షన్ 06, 07 కలగాపులగం కాకుండా కాపాడేది ఈ పట్టికే. "తయారు" డైరెక్టరీలో ఉన్నవాటిని విలువలతో పోల్చాలి.

అందరికీ అందించడం: 600 ఎంబీకి పెద్ద హంగామా అక్కర్లేదు. ఏడాదికొక నెట్‌సీడీఎఫ్ చొప్పున 23 ఫైళ్లు, ఒక హెచ్‌టీటీపీఎస్ సర్వర్, లేదా థ్రెడ్స్ (వాతావరణ డేటా అందించే సర్వర్ ప్రోగ్రామ్). థ్రెడ్స్ పెడితే ఓపెన్‌డాప్‌లో (ఫైల్‌లో కావాల్సిన ముక్కే తెచ్చుకునే పద్ధతి) ఒక్క అభ్యర్థనకు డిఫాల్ట్ హద్దు 500 ఎంబీ. ఎవరైనా మొత్తం ఒకేసారి అడిగితే ఎర్రర్ వస్తుంది, సర్వర్ పడిపోయిందని కంగారు పడొద్దు. ఫైళ్లలో టైమ్ బౌండ్స్ తప్పక రాయండి: 14వ తేదీకి 13న 03:00, 14న 03:00. సెల్ మెథడ్స్‌లో టైమ్ సమ్. ఈ చర్చ చదవని మనిషి కూడా ఆ రెండు అట్రిబ్యూట్లు చూసి రోజు ఎక్కడ మొదలైందో తెలుసుకోగలగాలి.

---

సాగరతీరం

తీగజోరు గారి మాటకు చిన్న చేర్పు. అరగంటల డేటాను జర్మనీలోనే ఉంచి అప్పుడప్పుడు మీకు కావాల్సిన గడుల టైమ్‌సిరీస్ లాగాలంటే ఝార్ (డేటాను చంక్‌లుగా, అంటే ముక్కలుగా దాచే పద్ధతి) పనికొస్తుంది. చంక్ టైమ్ 1488 (31 రోజుల అరగంటలు), లాట్ 40, లాన్ 40 పెడితే ఒక్కో చంక్ 9.5 ఎంబీ. ఒక్కో టైమ్‌కు ఒక్కో చంక్ వద్దు, ఒక గడి ఏడాది సిరీస్ కోసం 17,520 ముక్కలు తెరవాల్సి వస్తుంది. క్లస్టర్ డిస్కు మీద పెడితే ఫైళ్ల సంఖ్య కోటా త్వరగా నిండుతుంది, ఆబ్జెక్ట్ స్టోర్ మీద పెట్టడం మేలు.

ఉన్న ఫైళ్లను మార్చకుండా కెర్‌చంక్‌తో సూచిక కట్టుకోవచ్చు. అది ఫైల్‌లో ఏ బైటు దగ్గర ఏ చంక్ ఉందో రాసుకుంటుంది. కింది ఫైల్‌ను ఎవరైనా కొత్త వెర్షన్‌తో మార్చేస్తే ఆ బైట్ల చోట్లు తప్పుతాయి. అందుకే రీడ్‌ఓన్లీ డైరెక్టరీ మీద మాత్రమే కట్టండి.

---

మండలపటం

స్టేషన్ల ఎక్సెల్ గురించి.

జిల్లా పేరుతో జోడించవద్దు. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటతో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ కాలం 2001 నుంచి కాబట్టి "వరంగల్" అన్న మాట 2010లో ఒక నేల, 2020లో ఇంకో నేల. మండలాల పేర్ల స్పెల్లింగ్ కూడా ఫైల్‌కొక రకం. స్టేషన్ ఐడీకి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చే ఒకే ఒక్క పట్టిక తయారుచేసి గ్రిడ్‌తో వాటి ద్వారానే కలపండి. పరిపాలన విభాగం కావాలంటే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్లు వాడి, ఆ కోడ్ ఏ తేదీ నుంచి చెల్లుతుందో పక్క కాలమ్‌లో రాయండి. రేఖాంశం, అక్షాంశం తారుమారైన స్టేషన్లు దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటాయి. మన రెండు రాష్ట్రాలకూ అక్షాంశం 12 నుంచి 20, రేఖాంశం 76 నుంచి 85 లోపు లేనివన్నీ పక్కన పెట్టి చూడండి.

టైమ్ ఐఎస్టీలో ఉంటుంది, ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు. యూటీసీకి మార్చి, మార్చినట్టు రాయండి. ఎక్సెల్‌లో 05-10-2020 అన్నది ఒక కంప్యూటర్‌లో అక్టోబర్ 5, ఇంకో కంప్యూటర్‌లో మే 10. నెలలో 12వ తేదీ దాటాక తేదీలు ఒక్కసారిగా టెక్స్ట్‌గా మారిపోయి ఉంటే ఆ ఫైల్ ఈ దెబ్బ తిన్నట్టే.

చాలా ఆటోమేటిక్ స్టేషన్లు 8:30 నుంచి పోగైన మొత్తాన్ని పంపుతాయి. పక్కపక్క రీడింగుల తేడా తీయండి. తేడా నెగెటివ్ వచ్చింది 8:30కైతే అది మామూలు రీసెట్, వేరే టైమ్‌లో అయితే లాగర్ (రీడింగులు నమోదు చేసే యంత్రం) ఆగి మళ్లీ మొదలైంది. ఆ రోజును అనుమానం గుర్తుతో ఉంచండి, తీసేయొద్దు. ఖాళీ గడినీ సున్నానూ కలపకండి. చుట్టూ వాన పడుతుంటే వారం రోజులు సున్నా చూపే స్టేషన్‌లో గరాటు మూసుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ.

పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: 2020 అక్టోబర్ వానకు ఘట్‌కేసర్ వైపు ఒక స్టేషన్‌లో 32 సెం.మీ. నమోదైంది. 0.25 గడి అంటే వైపుకు 27 కి.మీ. దాకా. గడి సగటు అంతకన్నా బాగా తక్కువ రావడం గ్రిడ్ తప్పు కాదు.

---

తీగజోరు

ఒకటి మరిచాను, బయటికి ప్రచురించే ముందు. మూడు డేటాసెట్ల షరతులు ఒకటి కావు. ఈఆర్ఏ5కి కోపర్నికస్‌ను (దాన్ని అందించే యూరప్ కార్యక్రమం) పేర్కొనాలి. ఐఎండీ ముడి ఫైళ్లను మీ సర్వర్ నుంచి బయటివాళ్లకు పంచే ముందు ఆ షరతులు చదవండి. కుదరకపోతే మీ కోడ్, ఎస్‌హెచ్ఏ-256 పట్టిక మాత్రం పెట్టండి, చదివేవాళ్లు ముడి ఫైళ్లు స్వయంగా దించుకుని సరిచూసుకుంటారు. జెనోడోలో (పరిశోధన డేటా ఉంచే వెబ్‌సైట్) ఒక రికార్డుకు డిఫాల్ట్ హద్దు 50 జీబీ, మీ 600 ఎంబీ సులువుగా పడుతుంది. అక్కడ ప్రతి వెర్షన్‌కు ఒక డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య), అన్నిటికీ కలిపి ఇంకో డీఓఐ వస్తాయి. పేపర్‌లో వెర్షన్ డీఓఐ ఇవ్వండి. రెండోది ఎప్పుడూ కొత్త వెర్షన్‌కే తీసుకెళ్తుంది.

---

కృష్ణాతీరం

జర్మనీ వాళ్లు కంటైనర్‌కు ఒప్పుకున్నారు. 2024 కూడా కలపమంటున్నారు, ఇకమీదట నెలనెలా చేర్చుకుంటూ పోతాం. దీనికి ఏమైనా జాగ్రత్త?

---

మేఘమాల

ఉంది. ఈఆర్ఏ5 మొదట 5 రోజుల ఆలస్యంతో తాత్కాలిక రూపంలో వస్తుంది, రెండు మూడు నెలలకు తుది రూపం దాని చోటికి వస్తుంది. రెండూ ఉన్న కాలాన్ని దించితే ఎక్స్‌ప్‌వెర్ అన్నది కనిపిస్తుంది: 1 తుది, 5 తాత్కాలికం. పాత ఫైళ్లలో అది ఒక డైమెన్షన్‌గా వచ్చి సగం నాన్‌లతో నిండి ఉండేది, ఆ డైమెన్షన్ మీద సగటు తీసి మింగేయొద్దు. ఐమెర్గ్ ఫైనల్ మూడున్నర నెలలు ఆలస్యం. ఆ ఖాళీని లేట్ రన్‌తో (ఫైనల్ కన్నా ముందే వచ్చే ఐమెర్గ్ రూపం) నింపితే నెలవారీ వర్షమాపకాల సవరణ లేని డేటా చివర అతుక్కుంటుంది, సిరీస్‌లో లేని మెట్టు కనిపిస్తుంది.

కాబట్టి నెలనెలా చేర్చండి కానీ నాలుగు నెలలు వెనక ఉండండి. ఎక్స్‌ప్‌వెర్ 5 కనబడితే స్క్రిప్ట్ ఆగిపోవాలి. ప్రతి చేర్పుకూ తీగజోరు గారు చెప్పిన పట్టికలో కొత్త వరుసలు పడాలి, పాత వరుస ఏదీ మారకూడదు. తొందరగా కావాలన్నవాళ్లకు తాత్కాలిక డేటాను వేరే డైరెక్టరీలో, ఫైల్ పేరులోనే "తాత్కాలికం" అని రాసి ఇవ్వండి.